రెండుమార్లు స్వతంత్రమైన ఎస్టోనియా – అచ్చటి రైతు

గత మాసపు సభలో పాల లెక్కలు చదువుచుండగా ఒక వృద్ధ సభ్యుడు లేచి, "భూమి మనది, గొడ్డు మనది. ఇక సంఘముతో నేమి పని నాయనా? హెచ్చు ధర యిచ్చువానికి పాలు పోసికొని యెవని గట్టు వాడు చూచుకొనిన చాలదా?" అని ప్రశ్నించెను. కొందరు నవ్విరి, కొందరు తల యూపిరి. తల యూపినవారే యెక్కువ. ఆ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు. దానికి సహకార సూత్రములు వల్లించి సమాధానము చెప్పుటకంటె, ఆ ప్రశ్ననే నూఱేండ్లలో రెండుమార్లు ఎదుర్కొనిన యొక చిన్న దేశపు వృత్తాంతము చెప్పుట మేలని తలచి యీ వ్యాసము వ్రాయుచున్నాను. ఆ దేశము ఐరోపా ఖండములోని ఎస్టోనియా. అది 1918లో ఒకసారియు, 1991లో రెండవసారియు స్వాతంత్ర్యము పొందినది. రెండుమార్లును భూమిని పంచినది. మొదటి పంపకము రైతును నిలిపినది. రెండవది నిలుపలేకపోయినది. ఇందుకు కారణమేమి?

ముందుగా దేశమును చూతము. ఎస్టోనియా బాల్టిక్ సముద్రమునకు తూర్పుటొడ్డున నున్నది. తూర్పున రష్యా, దక్షిణమున లాట్వియా, పడమటను ఉత్తరమునను సముద్రము. ఉత్తరపు నీటిని సుమారు 80 కిలోమీటర్లు దాటినచో ఫిన్లండు రాజధానియగు హెల్సింకి వచ్చును. దేశ వైశాల్యము సుమారు 45,300 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణములో అయిదింట రెండు వంతులన్నమాట. జనసంఖ్య 13 లక్షల పైచిల్లర మాత్రమే. మన విశాఖపట్టణ మొక్కటే అంతకన్న నెక్కువమందిని మోయుచున్నది. తీరము వెంబడి రెండువేలకు పైగా దీవులు గలవు. సారెమా, హీయుమా అనునవి వానిలో పెద్దవి. దేశములోనికెల్ల ఎత్తయిన కొండ సూర్ మునమాగి. దాని యెత్తు 318 మీటర్లే. మన మన్యపువారు దానిని గుట్ట యందురు. నేలలో సగము అడవి, అయిదవ వంతు బురద. తూర్పు సరిహద్దున పెయిప్సి యను మహా సరస్సు 3,500 చదరపు కిలోమీటర్లకు పైగా వ్యాపించి రష్యాతో పంచుకొనబడి యున్నది. రాజధాని తాలిన్ రేవుపట్టణము. విద్యకు తార్తు నగరము ప్రసిద్ధి. అచ్చటి విశ్వవిద్యాలయము 1632లో స్థాపింపబడినది.

మన రైతు నీరు రాలేదని వగచును, ఎస్టోనియా రైతు నీరు పోలేదని వగచును. అచ్చట సాలుకు కురియు వాన 600, 700 మిల్లీమీటర్లు. అనంతపురపు వానకన్న అది యేమంత హెచ్చు కాదు. కాని యెండ బలహీనము, నేల చదును, చలికాలము దీర్ఘము. పడిన నీరు ఆవిరి కాదు, పారిపోదు, చేలలోనే నిలిచి వేళ్లను కుళ్లబెట్టును. కావున అచ్చటి సేద్యములో మొదటి ఖర్చు కాలువలు త్రవ్వి, నేలలో మట్టిగొట్టములు పాతి, నీటిని బయటికి పంపుట. ఇందొక చిక్కు గలదు. ఏ రైతును తన చేనిని మాత్రమే యారబెట్టుకొనజాలడు. తన నీరు ప్రక్కవాని చేనికి పోవును, వాడు దానిని దాటవేయవలెను. ఇరుగుపొరుగులు కలిసి త్రవ్వినగాని యే కాలువయు పారదు. సంఘమను మాట పుస్తకములలో పుట్టకముందే అచ్చటి బురదలో పుట్టినదని నాకు తోచును.

రెండవ శత్రువు రాయి. పూర్వయుగములలో ఉత్తరమునుండి జరుగుచు వచ్చిన మంచుపలకలు మోసితెచ్చి పడవేసిన బండలు దేశమంతట గలవు. ప్రతి శీతకాలమును నేల గడ్డకట్టి యుబ్బి లోని రాళ్లను పైకి నెట్టును. వసంతమున రైతు చేయు మొదటి పని దున్నుట గాదు, రాళ్లేరుట. తాత యేరిన చేనిలోనే మనుమడును ఏరవలసియుండును. ఆ రాళ్లతోనే చేల చుట్టును గోడలు పెట్టుకొందురు. ఉత్తర భాగమున సున్నపురాతిపై పలుచని మన్ను, దక్షిణమున మెట్టపల్లములతో గూడిన కొంత మంచి నేల. రై, బార్లీ, ఓట్సు, బంగాళాదుంప, అవిసె వారి పాత పైరులు. నేడు గోధుమయు ఆవజాతి నూనెగింజయు విస్తరించినవి. రై పిండితో చేసిన నల్లరొట్టెయే వారి అన్నము. భోజనము చేయువారిని చూచినచో "యాత్కు లేయ్బ" యందురు. రొట్టెకు కొదువ లేకుండుగాక యని దాని భావము. ఇట్టి దీవెన పుట్టిన దేశమున రొట్టెకు కొదువ యెన్నిసార్లు కలిగెనో ఊహింపవచ్చును.

గింజకు కష్టమైన యా నేలలో గడ్డి మాత్రము చక్కగా పెరుగును. వేసవిలో రాత్రియనునది లేశమాత్రము. జూను మాసమున తెల్లవారుజాము సంధ్యతో కలిసిపోవును. ఆ రెండుమూడు మాసములలో కోసి యెండబెట్టిన గడ్డితోనే అక్టోబరు మొదలు మే వరకు కొట్టములో కట్టివేసిన పశువును సాకవలెను. అందుచే పాడియే యచ్చటి రైతునకు నిజమైన పంట. ఈశాన్య భాగమున భూమిలో మరియొక వస్తువు దొరకును. దానిని వారు మండెడు రాయి యందురు. నూనె యిమిడియున్న యొక విధమగు పలకరాయి యది. దానిని కాల్చి విద్యుచ్ఛక్తి తీయుదురు. చాలకాలము దేశపు దీపములన్నియు దానితోనే వెలిగినవి. గాలి పాడగుచున్నందున ఇపుడు దానిని క్రమముగా తగ్గించుచున్నారు.

ఇక భూమి కథ. పదమూడవ శతాబ్దమున జర్మను యోధులు మతయుద్ధము పేర వచ్చి యీ దేశమును జయించిరి. తరువాత దొరతనము డేనులకు, స్వీడనునకు, 18వ శతాబ్దారంభమున రష్యాకు మారినను, పల్లెలలో జమీందారు మాత్రము ఆ జర్మను వంశీయుడే. వారి సంఖ్య దేశమున నూటికి నలుగురైనను లేదు. వెట్టిచాకిరి ఉత్తర భాగమున 1816లో, దక్షిణ భాగమున 1819లో చట్టరీత్యా తొలగెను. మనిషి విడుదలయ్యెను, భూమి మాత్రము దొరలకే మిగిలెను. కాలినడకన ఎచ్చటికైనను పోవచ్చును, పోయి తినుటకేమియు లేదు. అయిదారు దశాబ్దములు గడచిన పిదపగాని రైతులు అప్పులు చేసి తమ కమతములను కొనుక్కొనజొచ్చిరి. అవిసె అమ్మిన డబ్బుతో భూమిని కొన్నవారు దక్షిణమున అనేకులు. అయినను 1918 నాటికి సేద్యపు భూమిలో సగమునకు పైగా జమీందారుల క్రిందనే యుండెను. ఆ జమీలలో బంగాళాదుంపతో సారా కాచి సెయింట్ పీటర్సుబర్గు నగరమున కమ్ముట పెద్ద వ్యాపారము.

1918 ఫిబ్రవరి 24వ తేదీన ఎస్టోనియా స్వాతంత్ర్యము ప్రకటించుకొనెను. మరునాడే జర్మను సేన రాజధానిలో దిగెను. వారు పోయిన వెంటనే రష్యా యెఱ్ఱసేన తూర్పునుండి వచ్చెను. ఏడాదికి మించి సాగిన యుద్ధము 1920 ఫిబ్రవరి 2న తార్తు సంధితో ముగిసెను. ఇందులో పాఠకులు గమనింపవలసినది తేదీల క్రమము. భూసంస్కరణ చట్టము 1919 అక్టోబరు 10న వచ్చెను, అనగా యుద్ధము నడుచుచుండగనే. పోరాడుచున్న సైనికుడు కూలివాని కొడుకు. వానికి భూమి యీయక దేశము నిలువదని పాలకులు గ్రహించిరి. వెయ్యికి పైగా జమీలు ప్రభుత్వపరమయ్యెను. పోరాటమున సాహసము చూపినవారికి ముందుగా భూమి దొరకెను. ఒక కుటుంబము రెండు గుఱ్ఱములతో సాగు చేయగలిగినంత నేల యని కొలత. జమీందారులకు నష్టపరిహారపు చట్టము 1926లో గాని రాలేదు. అదియు భూమి విలువలో అత్యల్ప భాగము. మన మద్రాసు రాష్ట్రమున ఎస్టేటుల రద్దు చట్టము వచ్చినది 1948లో. దానికి 29 ఏండ్లు ముందే యీ చిన్న దేశము ఆ పని చేసినది. ఇట్లు 50 వేలకు పైగా క్రొత్త కమతములు లేచినవి. పాతవానితో కలిపి 1939 నాటికి దేశమున సుమారు 1,40,000 కమతములుండెను.

పట్టా చేతికిచ్చి ప్రభుత్వము ఊరకున్నచో ఆ క్రొత్త రైతులలో సగముమంది అయిదేండ్లలో సాహుకారి వాకిట నిలువవలసినదే. వానికి ఇల్లు లేదు, కొట్టము లేదు, నాగలి లేదు. యుద్ధమునకు పూర్వము వెన్నకును సారాకును సంతయైన పీటర్సుబర్గు సరిహద్దు కావలనైపోయెను. నార్వా పట్టణమున 1857లో స్థాపింపబడిన క్రెన్‌హోల్ము నూలు మిల్లు రష్యాకు బట్ట నేసి వేలమందికి కూలి యిచ్చునది. దానికిని గిరాకి పోయెను. మొదటి యేండ్లలో పాలకులు ఈ కర్మాగారములనే బ్రతికించదలచి బ్యాంకు సొమ్మును వానికి ధారాళముగా అప్పు లిచ్చిరి. రష్యా తిరిగి కొనునని వారి యాశ. రష్యా కొనలేదు. నాణెము విలువ పడిపోయెను. 1924లో ఆర్థికమంత్రి ఓట్టో స్ట్రాండ్‌మన్ ఆ అప్పులు బిగించి, దేశమునకు దిక్కు వెన్నయే గాని నూలు గాదని దారి మార్చెను. 1927లో నానాజాతి సమితి పూచీతో ఋణము దొరకెను. 1928 జనవరి 1 నుండి పాత మార్కునకు బదులు క్రూన్ అను క్రొత్త నాణెము చెల్లుబడియయ్యెను.

ఆ వెన్నను చేసినదెవరు? ఇదియే నేను చెప్పదలచిన ముఖ్యాంశము. స్వాతంత్ర్యమునకు చాలముందే ఎస్టోనియా రైతులు సంఘములు కట్టుట నేర్చియుండిరి. 1902లో తార్తు నగరమున పత్రికాసంపాదకుడగు యాన్ తొనిస్సన్ ప్రభృతులు అప్పు–పొదుపు సంఘమును స్థాపించిరి. ఇది జర్మనీలో పుట్టిన పరపతి పద్ధతి. మద్రాసు రాష్ట్రమున ఫ్రెడరిక్ నికల్సన్ గారు ఆ పద్ధతినే పరిశోధించి నివేదిక వ్రాయగా, మనకు 1904లో సహకార పరపతి చట్టము వచ్చెను. రెండేండ్ల తేడాతో ఒకే విత్తనము రెండు నేలలలో పడినది. 1908లో ఇమావేరె గ్రామపు రైతులు పాల సంఘము పెట్టుకొనిరి. 1909లో పాల తూనిక సంఘము మొదలయ్యెను. 1917లో వినియోగదారుల సంఘములకు కేంద్ర సంఘ మేర్పడెను. కావున 1919లో భూమి దొరకిన రైతు పరపతి, పాలబట్టీ, అంగడి ఈ మూటిని క్రొత్తగా కనిపెట్టవలసిన పని లేకపోయెను. ఉన్నవానిలో చేరిన చాలును.

పాల సంఘము పనిచేసిన తీరు వివరముగా చెప్పవలెను, ఏలయన మన పాల సభ్యులకు అది పనికివచ్చును. రైతులు ఉమ్మడి పూచీపై అప్పు తెచ్చి, మీగడ తీయు యంత్రమును, వెన్న చిలుకు పీపాలను, చల్లని కొట్టును పెట్టుకొందురు. ఉదయము గుఱ్ఱపుబండ్లపై పాలు వచ్చును. మీగడ తీసిన పిదప మిగిలిన పాలను రైతునకే తిరిగి యిత్తురు. అవి దూడలకును పందులకును మేత. ఇట్లు వెన్న వెనుకనే పందిమాంసపు ఎగుమతి పెరిగినది. వెల కట్టుట పాల కొలతపై గాదు, అందలి వెన్నశాతముపై. నీళ్లు కలిపినవానికి మోత కూలి తప్ప లాభము లేదు. తూనిక సంఘపు ఉద్యోగి కొట్టముల వెంట తిరిగి, ఒక్కొక్క యావు పాలు తూచి, వెన్న పరీక్షించి, తిన్న మేత వ్రాసికొని, ఏ యావు యజమానిని పోషించుచున్నదో, ఏ యావును యజమాని పోషించుచున్నాడో తేల్చి చెప్పును. ఈ లెక్క వలననే గొడ్డు మేలైనది. ఒంటరి రైతు కుండలో చిలికిన వెన్న లండనులో అమ్ముడుపోదు. అచ్చటి వర్తకునికి నేటి పీపా రుచియు రేపటి పీపా రుచియు నొకటిగా నుండవలెను. ప్రభుత్వము ఎగుమతి వెన్నకు తనిఖీ పెట్టి, తక్కువరకమును రేవు దాటనీయలేదు. కొలది యేండ్లలో వెన్న దేశపు ఎగుమతులలో మొదటి స్థానమున కెక్కెను. జర్మనీయు ఇంగ్లండును ముఖ్య కొనుగోలుదారులు. నూర్పిడి యంత్రములకు సంఘములు, బురదనేలల నుండి వంటచెరకు తీయుటకు సంఘములు, మేలుజాతి కోడెలకు సంఘములు.

ఇదంతయు స్వర్గమని నేననను. క్రొత్త కమతములవారు అప్పులలోనే కాలము గడపిరి. 1930 తరువాత ప్రపంచమంతట ధరలు పడినపుడు వెన్న వెల కూలి, కొన్ని సంఘములు చితికినవి. 1933లో క్రూన్ విలువను నూటికి 35 వంతులు తగ్గించినగాని ఊపిరి తిరుగలేదు. మరుసటి సంవత్సరము కొన్‌స్తాంతిన్ పాట్స్ అధికారము తన గుప్పిట పెట్టుకొని ప్రజాపరిపాలనమును నిలిపివేసెను. అయినను 1939 వరకు ఆ కమతములు నిలిచినవి, వాని పిల్లలు చదువుకొనిరి.

1940 జూనులో సోవియట్ సేనలు దేశమును ఆక్రమించినవి. భూమి ప్రభుత్వపరమని ప్రకటించి, కమతమునకు 30 హెక్టార్లు, అనగా సుమారు 74 ఎకరములు, మించరాదనిరి. 1941 నుండి 1944 వరకు జర్మనుల పాలన, మరల సోవియట్లు. సామూహిక క్షేత్రములలో చేరుడని ఎంత చెప్పినను రైతులు చేరలేదు. 1949 మార్చి 25న మొదలుపెట్టి నాలుగైదు దినములలో 20 వేలకు పైగా జనమును రైలుపెట్టెలలో నెక్కించి సైబీరియాకు పంపిరి. వారిలో అధికులు స్త్రీలు, పిల్లలు, ముసలివారు. కలిగిన రైతుల కుటుంబములును, తిరుగుబాటుదారుల బంధువులును అని వారిపై నేరము. తరువాత కొలది వారములలోనే కమతములలో సగమునకు పైగా సామూహిక క్షేత్రములలో "ఇష్టపూర్వకముగా" చేరినవి. ఆవు పోయెను, గుఱ్ఱము పోయెను, గట్టు చెరిగెను. సంఘము, సభ్యత్వము, సమష్టి యను మాటలన్నియు ఆ నాలుగు దినములలో మైలపడినవి. నిజము చెప్పవలెనన్న, 1970 తరువాత ఆ క్షేత్రములలో కొన్ని బాగుగనే నడచినవి. రష్యానుండి వచ్చు చవక దాణాతో పాలు, మాంసము చేసి లెనిన్‌గ్రాడునకు పంపుచుండిరి. జీతము దొరకెను, ఇండ్లు లేచినవి. కాని సభ్యుడు యజమాని కాడు. లెక్క అడుగుటకు వానికి నోరు లేదు.

1991 ఆగస్టు 20న రెండవ స్వాతంత్ర్యము. 1992 జూను 20న క్రూన్ మరల వచ్చెను, ఎనిమిది క్రూన్లకొక జర్మను మార్కు వంతున. భూమి విషయమున పాలకులు న్యాయమైన మార్గమునే యెంచుకొనిరి. 1940 నాటి యజమానికి, వాడు లేనిచో వాని వారసునికి, భూమి తిరిగి యీయవలెనని నిశ్చయించిరి. సుమారు మూడువందల పెద్ద క్షేత్రముల పశువులను, యంత్రములను పనిచేసినవారికి వాటాలుగా పంచిరి. వినుటకు బాగున్నది. జరిగినదేమనగా, భూమి ఒకరి చేతికి, ట్రాక్టరు మరియొకరి చేతికి వచ్చినది. వారసుడు తాలిన్‌లో గుమాస్తా. వానికి పట్టా తాతగారి జ్ఞాపకమే గాని సేద్యము గాదు. పల్లెలోనున్న పాలుపితుకు స్త్రీకి రెండావులు వాటా వచ్చినవి, మేపుటకు నేల లేదు. నడుమ 50 ఏండ్లు గడచినవి. 1919 నాటి రైతునకు తండ్రి నేర్పిన సేద్యము, ఊరిలో నడచుచున్న సంఘము, రెండును ఉండెను. 1992 నాటివానికి రెండును లేవు.

అంతటితో ఆగలేదు. ఆ యేండ్లలో ఎస్టోనియా ప్రభుత్వము దిగుమతులపై సుంకములు దాదాపు పూర్తిగా తీసివేసెను. పొరుగుదేశముల వెన్న తమ సర్కారుల సహాయధనముతో చవకయై వచ్చి పడెను. తూర్పున రష్యా 1994లో ఎస్టోనియా సరకుపై రెట్టింపు సుంకము వేసెను. 1998లో రష్యా నాణెము కూలినపుడు పాల కర్మాగారములకు మరియొక దెబ్బ. పట్టణపు వర్తకమునకు ఆ విధానము మేలుచేసినదని పండితులందురు, కావచ్చును. పల్లెకు చేసినదేమో అంకెలు చెప్పును. 1991 ప్రారంభమున సుమారు 2,80,000 పాడియావులు. నేడు 90 వేలలోపు. 2001లో సుమారు 55,700 వ్యవసాయ క్షేత్రములు, 2020లో సుమారు 11,400. 2004లో ఐరోపా సమాఖ్యలో చేరిన పిదప సహాయధనము వచ్చినది, ఎకరముల లెక్కన పెద్దవానికే హెచ్చుగా ముట్టినది. 2014లో రష్యా పాలవస్తువులను నిషేధించుటయు, 2015లో సమాఖ్యవారు పాల పరిమితులను ఎత్తివేయుటయు కలిసి, వెల పడి, చిన్న కొట్టములు మరికొన్ని మూతపడినవి.

ఆవు మాత్రము గొప్పది. 1991 ప్రాంతమున సాలుకు 4,000 కిలోల పాలిచ్చునది నేడు సగటున 10,000 కిలోలకు మించి యిచ్చుచున్నది. ఐరోపాలో అగ్రశ్రేణి యిది. పొలము అంతర్జాలమున కొలువబడును, సహాయధనపు దరఖాస్తు ఇంటినుండియే పంపుదురు, ఓటు కూడ 2005 నుండి అట్లే వేయుచున్నారు. ఈ వింతలు చూచి వచ్చినవారు ఆ దేశమును మెచ్చుచు వ్రాయుచుందురు, మెచ్చదగినదే. కాని వారు వ్రాయనిదొకటి గలదు. ఇంత మంచి యావు పాలలో గణనీయమైన భాగము పచ్చిపాలుగనే లారీలలో లాట్వియా, లిథువేనియా దేశములకు పోవుచున్నది. అచ్చటివారు దానిని జున్నుగట్టి వెల పెంచుకొందురు. 1920 ప్రాంతమున గుఱ్ఱపుబండ్లపై పాలు తెచ్చి, లండనుకు వెన్న పంపిన జాతి యిది!

చిన్న కమతములు పోవుట యంత్రయుగమున సహజమే, సంఘమున్నను పోవునని వాదించువారు గలరు. ఆ వాదములో సత్యము లేకపోలేదు. ఫిన్లండులోను కమతములు తగ్గినవి. అయితే ఆ 80 కిలోమీటర్ల నీటికావల ఏమి నిలిచినదో చూడుడు. చలి యదే, బురద యదే, భాషలు సైతము చుట్టములు. 1905లో అచ్చటి పాల సంఘములు కలిసి వెన్న ఎగుమతికై వాలియో అను సంస్థను పెట్టినవి. 1917లో ఫిన్లండు స్వతంత్రమయ్యెను. యుద్ధములు వచ్చినవి, కొంత భూమి పోయినది, కాని దేశము సోవియట్ల క్రింద పడలేదు, సంఘపు తాడు తెగలేదు. వాలియో నేటికిని పాలు పోయు రైతుల సొత్తే. దేశపు పాలలో అయిదింట నాలుగు వంతులు దాని గుండానే పోవును. కమతము చిన్నదైనను పెద్దదైనను కర్మాగారము రైతుది. తేడా గాలిలో లేదు, నేలలో లేదు.

ఎస్టోనియాలో 1992 తరువాత సంఘములు కట్టుమని పెద్దలు చెప్పినను, వినువారికి 1949 గుర్తువచ్చెను. బలవంతపు కూటమిని చూచినవాడు ఇష్టపు కూటమిని నమ్మడు. అందు వారి తప్పు నాకు కనబడదు. సోవియట్ల కాలమున సైతము పేరు మార్చుకొని బ్రతికిన దొకటే, ఆ 1917 నాటి వినియోగదారుల కేంద్ర సంఘము. నేడు అది పల్లెపల్లెన అంగళ్లు నడుపుచు, 2017 నుండి బ్యాంకు కూడ పెట్టినది. ధాన్యపు రైతులు కెవిలి యను సంఘము కట్టుకొని తమ గింజను తామే నిలువచేసి తామే ఎగుమతి చేయుచున్నారు. పాల రైతులే వెనుకబడినారు.

మనకును ఇందులో ఒక సంగతి గలదు. మన సహకార సంఘములపై సర్కారు పెత్తనము ఎంత బరువో పెద్దలు ఎరుగుదురు. ఎన్నికలు ఆపుట, అధికారిని కూర్చుండబెట్టుట, అప్పు మాఫీల ఆశ పెట్టుట, ఇవన్నియు చూచి విసిగినవాడు "సంఘమేల?" యనుటలో ఆశ్చర్యము లేదు. ఆంధ్రప్రదేశమున 1995లో పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము వచ్చినది ఈ పెత్తనమును తగ్గించుటకే. మన వృద్ధ సభ్యుని ప్రశ్న కోపము నుండి పుట్టినదేగాని అజ్ఞానము నుండి గాదు. ఆయన కోపము పెత్తనము మీదనైన నేనాయన ప్రక్కనే నిలుతును. పాలను బయటి వర్తకునికి పోయుమనుట మాత్రము వేరు మాట. ఆ వర్తకుడు నేడు లీటరుకు రెండు రూపాయలు హెచ్చిచ్చుచున్నాడు. మన శీతల కేంద్రము మూతపడిన మరునాడు ఎంతిచ్చునో ఆయన యిపుడు చెప్పడు.

ఇమావేరెలోని ఆ పాత పాల సంఘపు భవనము నేడు పాడిపరిశ్రమ వస్తుప్రదర్శనశాల. మీగడ యంత్రములు, వెన్న చిలికిన పీపాలు తుడిచి వరుసగా పెట్టియున్నారు. బడిపిల్లలు వచ్చి చూచిపోవుదురు.

వచ్చు సభలో పాలు పోయు నిబంధన చర్చకు వచ్చునని కార్యదర్శిగారు తెలియజేసియున్నారు. ఆ వృద్ధ సభ్యుడు తప్పక వచ్చి తన ప్రశ్నను మరల అడుగవలెనని నా కోరిక. లిథువేనియా లారీల సంగతి నేను చెప్పెదను.